వివాది స్వరము వెలివేయదగినదా?

నాందేడులోని మన తెలుగు కుటుంబములలో పండుగనాడు పాట లేకుండ సభ ముగియుట అరుదు. ఉగాదికి పంచాంగ శ్రవణము తరువాతను, శ్రీరామనవమికి కల్యాణము తరువాతను, బతుకమ్మ దినములలో ఆట తరువాతను మన పిల్లలు పాడుదురు. ఇప్పుడు వారి ప్రక్కన కీబోర్డు కూడ చేరినది. దానితో పాటు ఒక వివాదము కూడ మన మధ్యకు వచ్చినది. ఒకదానితో ఒకటి పొసగని స్వరములను కలిపి మ్రోగించిన కార్డు వినబడగానే పెద్దలు కొందరు మొగము చిట్లించి, "ఇది అపస్వరము, మనది సంవాదమే ప్రాణముగా గల విద్య, ఇట్టి కలహ స్వరములు పాశ్చాత్యులకే చెల్లును" అని తీర్పు చెప్పుచున్నారు. వాయించు యువకులో, "చెవికి కొత్తగా నున్నది గదా, ఇక శాస్త్రముతో ఏమి పని?" అని బదులిచ్చుచున్నారు. ఈ రెండు మాటలును తప్పేయని చూపుట ఈ వ్యాసము తలపెట్టిన పని. మొదటి మాట మన శాస్త్రమును మరచి చెప్పినది. రెండవది మన రాగమును మరచి చెప్పినది. మొదటిదానివలన కలుగు హాని ఎక్కువ గనుక దానినే ముందు పరిశీలింతము.

మొట్టమొదట రెండు పదములను వేరుచేయవలెను. గాయకుడు పట్టదలచిన స్థానమును పట్టలేక జారినచో ఆ స్వరము అపస్వరము. అది అశక్తతవలన గాని అజాగ్రత్తవలన గాని పుట్టును. దానికి సమర్థన లేదు. వివాది యన్ననో, తన స్థానములో సరిగా నిలిచియుండియు, ప్రక్కనున్న స్వరముతో పొత్తు కుదరక ఘర్షించు స్వరము. అపస్వరము పాడినవాని లోపము. వివాదిత్వము రెండు స్వరముల నడుమనున్న సంబంధము. రాళ్లు కలిసిన అన్నమును, మిరియపు ఘాటుగల చారును ఒకే గాటను గట్టి, రెండును నోటికి బాధయే గదా అనువానిని వంట తెలిసినవాడని ఎవరందురు? మన సభలలో నేడు జరుగుచున్న విమర్శ చాలవరకు ఇట్టిదే.

ఈ భేదమును నేర్పిన శాస్త్రము ఎక్కడనో దూరదేశమున పుట్టినది కాదు. మనము నివసించు ఈ మరాఠ్వాడాలోనే, దేవగిరిలో, యాదవ రాజైన సింఘణుని ఆస్థానమున, 13వ శతాబ్దపు పూర్వార్ధములో శార్‌ఙ్గదేవుడు సంగీత రత్నాకరమును రచించినాడు. ఆయన తాత భాస్కరుడు కాశ్మీరమునుండి దక్షిణమునకు తరలివచ్చినవాడు. మనుమడు రాజ్యపు లెక్కల శాఖకు అధికారియై, భారతదేశమంతయు నేటికిని తలదాల్చు సంగీత గ్రంథమును వ్రాసినాడు. దానికి మనకు లభించిన వ్యాఖ్యలలో ప్రాచీనమైనది సంగీత సుధాకరము. దానిని వ్రాసినవాడు రాచకొండ నేలిన మన రేచర్ల సింగభూపాలుడు. వలస వచ్చిన కుటుంబమువాడు మరాఠ్వాడాలో వ్రాసిన గ్రంథమును ఒక తెలుగు రాజు వివరించినాడు. మన శాస్త్రమేదియని పిల్లలడిగినప్పుడు నాందేడు తెలుగువారు చూపవలసిన గ్రంథము ఇంతకంటె దగ్గరలో మరొకటి లేదు.

ఆ గ్రంథములో స్వరములకు నాలుగు పాత్రలు చెప్పబడినవి. వాది రాజు, సంవాది మంత్రి, అనువాది భృత్యుడు, వివాది శత్రువువంటివాడు. ఈ చివరి మాటను పట్టుకొనియే మన పెద్దలు వివాదిని బహిష్కరింపుమనుచున్నారు. కాని ఆ ఉపమానమును వ్రాసినవాడు రాజోద్యోగి. శత్రువు లేడని కన్నులు మూసికొన్న రాజ్యము ఎన్నాళ్లు నిలుచునో ఆయనకు తెలియును. రాజనీతి శత్రువును గుర్తించుమనును, అతని బలమెంతో కొలువుమనును, ఎప్పుడు సంధి చేయవలెనో ఎప్పుడు విగ్రహము చేయవలెనో తెలిసికొమ్మనును. శత్రువును లెక్కనుండి కొట్టివేయుమని ఏ నీతిశాస్త్రమును చెప్పలేదు. అంతకు పూర్వుడైన భరతముని రెండు శ్రుతుల ఎడముగల స్వరములను వివాదులనుచు, రిషభ గాంధారములను, ధైవత నిషాదములను ఉదాహరించినాడు. ఈ రెండు జంటలును ఎచ్చటివి? ఆయన మూలముగా గ్రహించిన షడ్జగ్రామములోనివే. 22 శ్రుతులలో షడ్జమునకు నాలుగు, రిషభమునకు మూడు, గాంధారమునకు రెండు, మధ్యమ పంచమములకు నాలుగేసి, ధైవతమునకు మూడు, నిషాదమునకు రెండు అని పంచినప్పుడే వివాది ఆ ఇంటిలో పుట్టినది. దానిని వెలివేయవలెనన్నచో సప్తస్వరములలో ఐదింటినే మిగుల్చుకొనవలెను.

ఇక చెవి సంగతి. స్వరములు ఎందుకు పొసగును, ఎందుకు పొసగవు? ఇంటిలో హార్మోనియమున్నవారు స్వయముగా పరీక్షింపవచ్చును. షడ్జము సెకనుకు 240 కంపనములు గలదనుకొందము. పంచమము 360. షడ్జపు మూడవ అనుస్వరము 720. పంచమపు రెండవ అనుస్వరమును 720. రెండును ఒకే చోట కలియుచున్నవి గనుక చెవికి హాయి. ఇప్పుడు షడ్జముతో శుద్ధ రిషభమును కలిపి నొక్కుడు. అది 256. రెంటికి భేదము 16. కనుక నాదము సెకనుకు 16 మారులు పెరిగి తరుగుచు వణకును. భౌతిక శాస్త్రజ్ఞులు వీనినే విస్పందనములందురు. హార్మోనియపు మెట్లు సమముగా పంచి శ్రుతి చేసినవి గనుక ఆ యంక కొంచెము మారును గాని, వణకు మాత్రము స్పష్టముగా వినబడును. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ 1863లో ప్రకటించిన గ్రంథములో ఈ విస్పందనములు సెకనుకు 30 దాటిన ప్రాంతమున నాదము మిక్కిలి గరుకుగా నుండునని వివరించినాడు. వివాదము మన ఊహ కాదు, అన్యదేశపు దురాచారమును కాదు. గాలిలో జరుగు పని అది. కాశ్మీరములోను, కాకినాడలోను, నాందేడులోను ఒకే తీరుగా జరుగును.

"అది సరియే, కాని మన సంగీతములో స్వరములు ఒకదాని తరువాత ఒకటి వచ్చును. రెంటిని ఒకేమారు మ్రోగించుట మన పద్ధతి కాదు" అని ఒక ఆక్షేపణ. ఈ మాట అనువారు తంబురాను మరచినారు. తంబురా మీటుచున్నంతసేపు గాయకుడు పలుకు ప్రతి స్వరమును షడ్జముతో కలిసియే మ్రోగుచున్నది. బాలురకు మొదటి పాఠము మాయామాళవగౌళ. సరళీ వరుసలలో షడ్జము తరువాత వచ్చు రెండవ స్వరమే శుద్ధ రిషభము. పై లెక్క ప్రకారము తంబురా షడ్జముమీద అది 16 విస్పందనములతో ఘర్షించును. ఆ రాగములో అంతర గాంధారమునకు మధ్యమమునకు భేదము 20, పంచమమునకు శుద్ధ ధైవతమునకు 24, కాకలి నిషాదమునకు తారషడ్జమునకు 30. పురందరదాసు పసిపిల్లలకు మొదట నేర్పుమని ఏర్పరచినాడని సంప్రదాయము చెప్పు రాగములో నాలుగు చోట్ల ఇట్టి ఇరుకు జంటలున్నవి. పసివాని చెవి ఆ ఘర్షణను విని, దానిని దాటి తిరిగి షడ్జమును చేరుకొనుటయే తొలి సాధన. శ్రుతి సుఖమనునది అట్లే తెలియును.

తంబురా ఇంకొక రహస్యమును చెప్పును. చక్కగా జీవాళి పెట్టిన తంబురాలో మంద్ర షడ్జపు తంతినుండి ఐదవ అనుస్వరముగా అంతర గాంధారము తానై పలుకును. దానినే స్వయంభూ గాంధారమందురు. చంద్రశేఖర వేంకట రామన్ 1921లో తంబురా, వీణ తంతులలో అనుస్వరములు ఇంత సమృద్ధిగా ఎందుకు పలుకునో పరిశోధించి ప్రకటించినాడు. ఇప్పుడు గాయకుడు తోడి గాని ఖరహరప్రియ గాని ఎత్తుకొన్నాడనుకొనుడు. అతడు సాధారణ గాంధారము పాడుచుండగా తంబురా అంతర గాంధారము పలుకుచుండును. ఈ రెండు గాంధారముల పెనుగులాటలోనే తోడి యొక్క ఆర్తి కొంత దాగియున్నది. తోడిని వెలివేయుదమా? తంబురాను వెలివేయుదమా?

వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో 72 మేళములను ఏర్పరచినాడు. అందులో వివాది మేళములెన్నియో లెక్కింతము. శుద్ధ రిషభముతో శుద్ధ గాంధారము గాని, షట్ఛ్రుతి రిషభముతో అంతర గాంధారము గాని వచ్చు చక్రములు నాలుగు: ఒకటవది, ఆరవది, ఏడవది, పండ్రెండవది. చక్రమునకు ఆరు చొప్పున 24 మేళములు. మిగిలిన ఎనిమిది చక్రములలో మొదటి మేళములోను చివరి మేళములోను ధైవత నిషాదములు వివాదులు, అవి 16. మొత్తము 40. అనగా మన మేళకర్తలలో సగముకంటె ఎక్కువ వివాది మేళములే. "అది గణితమే గాని సంగీతము కాదు, వేంకటమఖి కాలమున వాడుకలోనున్న మేళములు 19 మాత్రమే" అని పండితులెవరైన అనవచ్చును. నిజమే. గణితము తలుపు తెరచినది. లోనికి నడచినవారు వాగ్గేయకారులు. త్యాగరాజస్వామి మానవతిలో, గాంగేయభూషణిలో, వాగధీశ్వరిలో కృతులు రచించినాడు. ఇవి మూడును వివాది మేళములు.

ఇంకను ప్రబలమైన సాక్ష్యము పంచరత్న కీర్తనలు. తిరువయ్యారు ఆరాధనలో వందలకొలది గాయకులు ఒక్కగొంతుతో పాడు ఆ ఐదింటిలో మొదటిది నాట, నాలుగవది వరాళి. నాట 36వ మేళమునకు, వరాళి 39వ మేళమునకు చెందును, రెండును వివాదులే. వివాది పాడిన ఇంట అరిష్టమని, వరాళిని గురువు శిష్యునకు ఎదుట కూర్చుండబెట్టి నేర్పినచో వారికి పొసగదని ఒక నమ్మకము వ్యాపించియున్నది. ఆ నమ్మకము ఉండగానే త్యాగరాజస్వామి పంచరత్నములకు ఎంచుకొన్న ఐదు రాగములలో రెండు ఇవి. అందులో ఒకదానిని ఆరంభముననే నిలిపినాడు. గజాననుని స్తుతిని నాటతో ఎత్తుకొనుట నేటికిని కచేరీలలో మంగళప్రదముగనే భావింపబడుచున్నది. అరిష్టమనుచునే మంగళముగా వాడుకొను మన వైఖరిలోని వైరుధ్యమును ఎవరును గమనింపకుండుట ఆశ్చర్యకరము.

వివాదిని వాడుటకు మన పూర్వులు రెండు మార్గములు చూపినారు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున తెలుగులో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఒక మార్గము కనబడును. ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయము స్వరమును ఒక దిక్కున వర్జించియో, వక్రముగా త్రిప్పియో వివాది యొక్క పదును తగ్గించును. త్యాగరాజస్వామి పేర నిలిచిన సంపూర్ణ మేళ మార్గము వరుసగా ఏడు స్వరములను ఎదురుగానే నిలుపును. ఈ రెండవ మార్గములో మన కాలమున ముందుకు సాగినవాడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. గోదావరీ తీరపు కోనసీమలో శంకరగుప్తమున 1930లో జన్మించి, పసితనముననే 72 మేళకర్తలలోను కృతులు కట్టినాడు. అవి 1952లో జనకరాగ కృతిమంజరిగా వెలువడినవి. అందులో నలుబది వివాది మేళములు. ఆయన 2016 వరకు జీవించి, పద్మవిభూషణుడై, దేశదేశముల సన్మానము లందుకొన్నాడు. వివాది పాడుటవలన వచ్చిన అరిష్టము ఏదియో మన పెద్దలే చెప్పవలెను.

మన ఇరుగుపొరుగు సంగీతమును చూచినను ఇదే తీర్పు. ఈ ఊరిలో మన పిల్లలు ఎక్కువగా వినునది హిందుస్థానీ బాణి. మార్వా రాగములో కోమల రిషభము వాది, శుద్ధ ధైవతము సంవాది అని భాత్‌ఖండే పద్ధతి చెప్పుచున్నది. కాని ఆ రెంటికి నడుమ షడ్జ పంచమములకు గాని, షడ్జ మధ్యమములకు గాని ఉండు పొత్తు లేదు; పైగా ఆ రాగములో పంచమమే లేదు, షడ్జముమీద నిలుకడ కూడ తక్కువ. రాజును మంత్రియు పడనివారే! ఆ ఎడబాటే సంధ్యాకాలపు దిగులుగా వినువారిని పట్టుకొనును. బిహాగ్‌లో తీవ్ర మధ్యమము ఒకప్పుడు వివాదిగా అరుదుగా తాకిన స్వరము. నేడది ఆ రాగమునకు అలంకారముగా స్థిరపడినది. నిన్నటి శత్రువు నేడు ఇంటివాడైన కథ ఇది.

వాద్యముల విషయములోను ఇట్లే జరిగినది. మరాఠీవారు హార్మోనియమును సంవాదిని అని పిలుతురు. ఎంత చక్కని పేరు! అదే వాద్యమును 1940 మార్చి 1వ తేదీనుండి ఆలిండియా రేడియో తన ప్రసారములలో నిషేధించినది. మెట్లమీద స్థిరమైన స్వరములు గమకములకు పనికిరావని, దాని శ్రుతులు మనవి కావని ఆక్షేపణ. ముప్పదియేండ్ల తరువాత, 1971లో, ఆ నిషేధము సడలినది. ఇంతలో ఆ సంవాదిని మరాఠీ నాట్యసంగీతమును, హిందుస్థానీ కచేరీని, మన భజన మందిరములను, గురుద్వారాల కీర్తనమును వదలలేదు. నేడు హజూర్ సాహిబ్ సన్నిధిలో గురువాణి వినువారెవరును దానిని పరదేశి యనరు. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. ఆ సత్యమును తెలిసికొని వాడుకొన్నవారే నిలిచినారు, నిషేధించినవారు వెనుదీసినారు.

పాశ్చాత్యులలో మాత్రము వివాదము తగవు లేకుండ చెల్లినదని తలచువారు ఇటలీ దేశపు ఒక తగవును తెలిసికొనవలెను. 1600లో ఆర్తూసి యను పండితుడు ఒక యువ వాగ్గేయకారుని పేరు చెప్పకయే దుయ్యబట్టినాడు. సిద్ధము చేయకుండ, అనుమతి లేకుండ కలహ స్వరములను ప్రవేశపెట్టినాడని నేరము. ఆ యువకుడు మాంటెవెర్డి. ఆక్షేపింపబడిన వానిలో నొకటి క్రూడా అమరిల్లి యను గీతము. క్రూరురాలైన ప్రియురాలిని సంబోధించు పాట. మాటలో చేదు ఉన్నప్పుడు స్వరములో చేదు ఉండుట న్యాయమని, స్వరమేళనము మాటకు లోబడవలెనని ఆయన పక్షము. 1605లో ఆ పాటను ప్రకటించుచు ఆయన తన పద్ధతికి రెండవ ఆచారమని పేరు పెట్టినాడు. నేడు ఆర్తూసిని స్మరించువారు ఆ తగవు కొరకే స్మరింతురు. మన సభలలో తీర్పరులైనవారికి ఈ కథ ఒక హెచ్చరిక.

ఇంతవరకు చదివి మన యువకులు సంతోషింతురు కాబోలు. ఇక వారి వంతు. వివాది వెలివేయదగినది కాదన్నంత మాత్రమున తోచిన చోట తోచిన కార్డు వేయుటకు అనుమతి దొరకదు. మీరు చేయు అతి సామాన్యమైన తప్పును చూపుదును. మాయామాళవగౌళలో ఒక తెలుగు భక్తిగీతము పాడుచుండగా, పంచమముమీద కార్డు వేయవలసివచ్చినది. వ్రేళ్లకు అలవాటైన కార్డు పంచమము, నిషాదము, చతుశ్రుతి రిషభము. అది వినుటకు మిక్కిలి హాయిగా నున్నది. కాని ఆ రాగములో చతుశ్రుతి రిషభము లేదు! గొంతు శుద్ధ రిషభము పాడుచుండ వ్రేలు చతుశ్రుతి రిషభము నొక్కినది. హాయిగా వినబడిన ఆ కార్డే నిజమైన అపస్వరము. పెద్దలు దానికి తలయూపుదురు. రాగమునకు మాత్రము అన్యాయము జరిగినది.

సరియైన కార్డు ఏది? పంచమము, కాకలి నిషాదము, శుద్ధ రిషభము. నొక్కిచూడుడు, అది గరుకుగా నుండును. పంచమమునకు, పై రిషభమునకు నడుమ ఆరు అరస్వరముల ఎడము. షడ్జమునకు ప్రతిమధ్యమమునకు ఉండునంత. దీనిని విని భయపడి వ్రేలు తీయరాదు. ఇప్పుడు నిషాదమును ఒక మెట్టు పైకి షడ్జమునకు, రిషభమును ఒక మెట్టు క్రిందికి అదే షడ్జమునకు నడిపింపుడు. రెండు వైపులనుండి రెండు స్వరములు ఒక్కొక్క అరస్వరము నడచి ఒకే చోట కలిసికొనును. ఆ కలయికలోని తృప్తి చతుశ్రుతి రిషభము వేసిన హాయి కార్డులో ఎన్నటికిని లభింపదు. రాగమే ఆ కలహమును, ఆ సంధిని మనకు ఇచ్చినది. మనము చేయవలసినదెల్ల దానిని వినుటయే.

నాటలో మరొక విధము. షడ్జ, అంతర గాంధార, పంచమములు నిలుపుడు. గాంధారమునకు ముందు ఒక క్షణము షట్ఛ్రుతి రిషభమును నొక్కి గాంధారమునకు ఎక్కింపుడు. వివాది అడుగు వేసి శాంతించును. కాని అవరోహణములో నాట మధ్యమమునుండి రిషభమునకు, అచ్చటినుండి ఒక్క దుముకున షడ్జమునకు వచ్చును. అప్పుడు వివాది నడచి శాంతింపదు, దుమికి శాంతించును. ఆ దుముకులోనే నాట యొక్క వీరము. అక్కడ కార్డు నిండుగా వేసి దుముకును కప్పివేసినచో రాగము ముఖము మాసిపోవును. షడ్జ పంచమములు మాత్రము ఉంచి గొంతును ఒంటరిగా దుమకనీయవలెను. ఏ స్వరము ఏ రాగములో ఎటు వెళ్లి విశ్రమించునో తెలియనివానికి వివాది కార్డు చేతిలో కత్తివంటిది.

దీనినుండి ఏర్పడు నియమములు కష్టమైనవి కావు. కార్డులోని స్వరములు రాగములోనివే కావలెను. వివాది రాకముందు దానికి చోటు సిద్ధము చేయవలెను. వచ్చిన తరువాత దానిని రాగము చూపిన దారిలోనే శాంతింపజేయవలెను. గమకముతో ఊగు స్వరముక్రింద కార్డు నిలుపరాదు, ఏలయన కీబోర్డు స్వరము స్థిరము, గొంతు స్వరము చలించునది; నిలుకడ స్వరముక్రిందనే దానికి తావు. మాటలో వేదన, ఎదురుచూపు, సందేహము ఉన్నచోటనే ఘర్షణకు అర్థము కలదు. సంతోషపు పల్లవిలో ప్రతి తాళమునకు వేసిన వివాది వినోదమునకు కూడ పనికిరాదు. నేడు మనము వేదికలమీద వినుచున్న దానిలో అధికభాగము ఈ నియమములలో ఒకదానినైనను పాటింపదు. పెద్దల కోపమునకు ఇంతమాత్రము న్యాయము కలదు.

"కచేరీ సంగీతమునకు ఈ కార్డులు అవసరమా?" అని అడుగవచ్చును. అవసరము లేదు. త్యాగరాజ కృతికి తంబురా చాలును. కాని మన పిల్లలు కచేరీలోనే జీవించుట లేదు. సినిమా పాట, భజన, పాఠశాల సమ్మేళనము, పెండ్లి బృందము వారి చెవిని నింపుచున్నవి. ఇళయరాజా 1986లోనే హౌ టు నేమ్ ఇట్ అను సంకలనములో త్యాగరాజస్వామిని, జర్మను వాగ్గేయకారుడైన బాఖ్‌ను ఎదురెదురుగా కూర్చుండబెట్టినాడు. ఆ తలుపు మూయుట మన చేతిలో లేదు. తలుపులో నడచు పిల్లవానికి దారి తెలుపుట మాత్రము మన చేతిలో నున్నది.

ఈ సంగతి ఇంత గట్టిగా ఏల చెప్పవలసివచ్చినదన, మన స్థితి తక్కిన తెలుగువారి స్థితివంటిది కాదు. 1956 నవంబరు వరకు నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ నెలలో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే నెలలో మహారాష్ట్రము ఏర్పడినది. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ ప్రాంతములలో మనవారు ఉన్నచోటనే యుండగా ఎల్లలు కదలినవి. మన పిల్లలకు బడిలో మరాఠీ, బజారులో దక్కనీ, ఇంటిలో తెలుగు. వారి తెలుగులో మరాఠీ మాట దొర్లినప్పుడు హైదరాబాదు బంధువులు నవ్వి, "ఇదేమి తెలుగు?" అందురు. ఆ మాట మనలను ఎంత నొప్పించునో మనకు తెలియును. తన స్థానములో తాను సరిగా నిలిచి, ప్రక్కవానితో కొంచెము రాచుకొనుచున్న మాటను తప్పు మాటయని కొట్టివేయుటయే గదా ఆ నవ్వు చేయునది? అదే పనిని మనము మన పిల్లల సంగీతముపట్ల చేయుట ఏమి న్యాయము?

నష్టము ఊహామాత్రము కాదు. కర్ణాటక సంగీతము నేర్పు గురువు ఈ ప్రాంతమున సులభముగా దొరకడు. ఉన్న కొద్ది అవకాశములో పిల్లవానికి "ఈ స్వరము పాపము, ఈ రాగము అరిష్టము" అని మొదలుపెట్టినచో అతడు రాగమునే వదలి, ఎచ్చటి కార్డులనో అట్లే తెచ్చి తెలుగు పాటకు అతికించును. మనము భయపెట్టి తోలినది వివాదిని కాదు, రాగమును. నాట, వరాళి, తోడి ఎందుకు మనసును పట్టునో చెవికి చూపినచో అతడు కీబోర్డు ముందు కూర్చున్నను రాగమును వెంట తీసికొనిపోవును.

కనుక మన సంఘము పెద్దలకు నా విన్నపము. సంగీత తరగతి నడపదలచినచో కీబోర్డుకు ముందు తంబురా యెదుట, అది లేనిచోట శ్రుతిపెట్టె యెదుట పిల్లలను కూర్చుండబెట్టుడు. శుద్ధ రిషభమును షడ్జముమీద నిలిపి ఆ వణకును విననిండు. తరువాత షడ్జమునకు దింపి ఆ విశ్రాంతిని విననిండు. సరళీ వరుసలు గీతములు ముగిసిన పిల్లలకు నాటను భయము లేకుండ నేర్పుడు. వార్షికోత్సవమున ఒక్క పాటనైనను రాగనియమముతో కట్టిన కార్డులతో పాడింపుడు. తప్పు వేసిన కుర్రవానిని వేదికనుండి దింపక, అతడు వేసిన స్వరము రాగములో ఉన్నదో లేదో అడుగుడు. ఉన్నదన్నచో, దానిని ఎటు నడిపినావని అడుగుడు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగల పిల్లవాడు ఏ ఊరిలో పెరిగినను తెలుగు పాటను చెడగొట్టడు. ఈ రెండు ప్రశ్నలు వేయనేరని సభ వివాదిని ఎంత దూరము తరిమినను అపస్వరమును గుర్తింపలేదు.